ఇనుప బ్లాక్ స్థానంలో అల్యూమినియం బ్లాక్ చేశాం, 60 మైక్రాన్ల దగ్గర ఆగిపోయాం: నా అనుభవం

మేం చేసిన అల్యూమినియం ఇంజిన్ బ్లాక్ మీంచి హెడ్ (సిలిండర్ల పై మూత) విప్పి, డెక్ (హెడ్ కూర్చునే బ్లాక్ పై ముఖం) మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి వెనక నుంచి టార్చి కొడితే మూడో సిలిండర్ దగ్గర సన్నగా వెలుతురు కనిపించింది. నాలుగో దాని దగ్గర కూడా అంతే. డయల్ గేజ్ పెట్టి చూస్తే ఆ రెండు లైనర్లు (పిస్టన్ తిరిగేందుకు సిలిండర్లలో దింపే ఇనుప గొట్టాలు) 60 మైక్రాన్లు కిందికి దిగిపోయి ఉన్నాయి, మిగతా నాలుగు 15, 20 దగ్గర ఆగాయి. 60 మైక్రాన్లంటే తల వెంట్రుక మందం, కానీ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్‌కి అది పెద్ద గొయ్యి. అప్పటికి రెండేళ్ళ పని అది. డైనో (ఇంజిన్‌ని లోడ్ మీద నడిపి పరీక్షించే యంత్రం) మీద నాలుగో రోజు కూలెంట్ ట్యాంకులో బుడగలు, అంటే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి లీకవుతున్న గుర్తు, కనిపించేసరికి మొత్తం ఆగిపోయింది. ఆ రాత్రి షాపులో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ 60 మైక్రాన్లు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి, కొంచెం ఓపిగ్గా చదవండి.

మేం నలుగురం. డిజైన్, లెక్కలు నావి, మెషినింగ్ ఒకరిది, ఇంజిన్ బిల్డింగ్ ఒకరిది, ఇంకొకరు పోతకి సంబంధించిందంతా చూసుకునేవారు. చేద్దామనుకున్నది టొయోటా టూజేజెడ్ ఇంజిన్‌కి అల్యూమినియం బ్లాక్. 1991లో వచ్చిన ఇంజిన్ అది, వరసగా ఆరు సిలిండర్లు, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 86 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 86, 2997 సీసీ, క్రాంక్ కూర్చుని తిరిగే మెయిన్ బేరింగులు ఏడు, బ్లాక్ మొత్తం పోత ఇనుము. చాలామందికి తెలిసిందే, ఆ ఇనుప బ్లాక్ కంపెనీ ఇచ్చిన పవర్‌కి మూడింతలు లాగినా తట్టుకుంటుంది. మరి అంత గట్టి బ్లాక్‌ని ఎందుకు మార్చడం అని మమ్మల్ని అడగనివాళ్ళు లేరు. కారణాలు రెండు. ఒకటి బరువు, ఆరు సిలిండర్ల పొడుగాటి ఇనుప ముద్ద ముందు చక్రాల మీద కూర్చుంటే కారు మలుపులో ముందుకి తోసుకుపోతుంది, అది నడిపినవాళ్ళకి చేతుల్లో తెలుస్తుంది. రెండోది, నాకు అసలు కారణం ఇదే, ఆ బ్లాకులు పాతబడిపోతున్నాయి. ఒకసారి బోర్ పెంచినవి, తుప్పు పట్టినవి, సిలిండర్ల మధ్య పగుళ్ళున్నవి, రాడ్ విరిగి పక్క గోడ పగలగొట్టినవి. ఇనుప బ్లాక్‌కి గోడ పగిలితే రేస్ ఇంజిన్‌గా దాని పని అయిపోయినట్టే. అదే అల్యూమినియం అయితే పగిలినచోట వెల్డింగ్ చేసి పాత లైనర్ లాగేసి కొత్తది దింపి మళ్ళీ వాడుకోవచ్చు. బాగుచేసుకోగలిగే బ్లాక్ ఒకటి ఉండాలి అనేది నా పట్టుదల.

పూర్తి దిమ్మె నుంచి చెక్కే పద్ధతి, అంటే బిల్లెట్, మొదటి నెలలోనే పక్కన పెట్టేశాం. 6061 టీ6 (వేడి చేసి గట్టిపరిచిన ఒక రకం అల్యూమినియం) దిమ్మె పోత కన్నా బలమైనదే, డ్రాగ్ రేసులకి అదే సరైనది, కానీ సిలిండర్ల చుట్టూ నీళ్ళు పారే వంకర్ల ఖాళీని, అంటే వాటర్ జాకెట్‌ని, కట్టర్‌తో చెక్కలేం, చెక్కాలంటే పక్కలు తెరిచి ప్లేట్లు వెల్డ్ చేయాలి లేదా బిగించాలి. చాలామంది బిల్లెట్ బ్లాకుల్లో అసలు నీళ్ళే ఉండవు, కొన్ని సెకన్ల పరుగుకి అవసరం లేదు కాబట్టి. మాకు రోడ్డు మీదా ట్రాక్ మీదా గంటలు గంటలు నడిచే బ్లాక్ కావాలి. అందుకని పోత పద్ధతే ఎంచుకున్నాం. ఏ356 అల్యూమినియం, 7 శాతం సిలికాన్, కొంచెం మెగ్నీషియం, టీ6 హీట్ ట్రీట్‌మెంట్. లైనర్లు లేకుండా చేయొచ్చా అనే చర్చ కూడా నడిచింది. 1971 షెవ్రొలె వేగాలో అలాగే చేశారు, 17 శాతం సిలికాన్ ఉన్న అల్యూమినియంలో బోర్ కొట్టి, పైపైన అల్యూమినియాన్ని కరగదీసి, గట్టి సిలికాన్ రేణువుల మీద రింగులు జారేలా పెట్టారు. ఇంజిన్ వేడెక్కినచోట ఆ బోర్లు పాడైపోయిన సంగతి అందరికీ తెలిసిందే. నికెల్ పూత ఇంకో దారి, కానీ మామూలు మెషిన్ షాపులో ఎవరైనా మళ్ళీ బోర్ చేసుకోగలగాలి కదా, మా ఆలోచనే బాగుచేసుకోవడం గురించి. అలా డక్టైల్ ఐరన్ (పెళుసు తక్కువున్న పోత ఇనుము) లైనర్ల దగ్గరకి వచ్చాం. ఈ నిర్ణయమే తర్వాత మమ్మల్ని ఏడిపించింది, అయినా ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టినా అదే తీసుకుంటా.

ఒరిజినల్ బ్లాక్‌ని కొలవడంతో మొదలైంది. స్కాన్ చేస్తే ఆకారం వస్తుంది గానీ నమ్మదగ్గ కొలతలు రావు, డోవెల్ పిన్నులు, గేర్‌బాక్స్ బోల్టులు, ఆయిల్ పంపు ఆనే ముఖం, హెడ్ మీది ఆయిల్ రంధ్రాలు, ఇవన్నీ సీఎంఎం (సన్నటి మొనతో తాకి కొలతలు తీసే యంత్రం) మీద ఒక్కోటి తాకించి తీసుకోవాల్సిందే. మేం మూడు బ్లాకులు కొలిచి సగటు తీశాం, ఎందుకంటే ఒక్క బ్లాక్ కొలిస్తే ఆ ఒక్కదాని తప్పులన్నీ మన డ్రాయింగ్‌లోకి వచ్చేస్తాయి. రెండున్నర నెలలు ఇందుకే పోయాయి. చూసేవాళ్ళకి ఏ పనీ జరగనట్టే ఉంటుంది, కానీ తర్వాత ఒరిజినల్ హెడ్, పంపులు, బ్రాకెట్లు ఒక్క ఫైలు కూడా తగలకుండా కూర్చున్నాయంటే ఈ రెండున్నర నెలల వల్లే.

డిజైన్‌లో నేను మొదట చేసిన తప్పు, ఇనుప ఆకారాన్నే తీసుకుని గోడలు లావు చేసి అల్యూమినియం అని పేరు పెట్టడం. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతుకి కొంచెం ఎక్కువ, అది అందరూ చెప్తారు. కానీ దాని బిగువు, అంటే లోడ్ పడితే ఎంత వంగుతుందనేది, ఇనుముతో పోలిస్తే మూడింట రెండొంతులే. వేడికి సాగడమేమో రెట్టింపు, డిగ్రీకి మీటరుకి ఇనుము 11 మైక్రాన్లు సాగితే ఇది 22 దాకా సాగుతుంది. 86 బోర్ మీద 150 బార్ ప్రెషర్ పడితే పిస్టన్ మీద దాదాపు తొమ్మిది టన్నులు, ఆ తొమ్మిది టన్నులూ క్రాంక్ ద్వారా దాన్ని కింద నుంచి పట్టుకునే మెయిన్ క్యాపుల మీదకి, హెడ్ ద్వారా దాన్ని బ్లాక్‌కి బిగించే స్టడ్‌ల మీదకి వెళ్తాయి, మధ్యలో బ్లాక్‌ని రెండువైపులా లాగుతుంటాయి. లావు గోడ కన్నా సరైన చోట రిబ్ (గోడకి బలమిచ్చే పట్టీ) ముఖ్యం. మెయిన్ బేరింగ్ గోడ నుంచి హెడ్ స్టడ్ బాస్ (స్టడ్ దిగే లావు భాగం) దాకా లోడ్ సూటిగా పోయే దారి వేసి, మిగతా చోట్ల పలచగానే వదిలేశాం. క్యాపులు స్టీల్‌వి, పక్క నుంచి కూడా బోల్టులు. స్టడ్ మరలు డెక్ పైనే మొదలవకుండా లోతుకి దింపాం, పైనే ఉంటే స్టడ్ బిగించినప్పుడు పక్కనున్న బోర్‌ని లాగేసి గుండ్రం పోగొడుతుంది. మర లోతు స్టడ్ వ్యాసానికి రెండింతలు, అల్యూమినియంలో అంతకన్నా తక్కువ పెట్టి నిద్రపోలేం.

ఇక ఫౌండ్రీ. నా మనసంతా ఇప్పటికీ ఈ భాగం దగ్గరే ఉంటుంది.

కరిగిన అల్యూమినియం చల్లారితే 1.3 శాతం దాకా కుంచించుకుపోతుంది, అర మీటరు పొడవుకి ఆరున్నర మిల్లీమీటర్లు. ప్యాట్రన్ (ఇసుక అచ్చు తీసే నమూనా) అంత పెద్దదిగా చేయాలి, కానీ లోపలి ఖాళీల కోసం పెట్టే ఇసుక దిమ్మె, అంటే కోర్, అడ్డున్న చోట లోహం అంత కుంచించుకోలేదు, అందుకని పొడవుకి ఒక లెక్క, అడ్డానికి ఇంకో లెక్క. మొదటి పోత చూడ్డానికి అద్దంలా వచ్చింది. నేను సంబరపడిపోయి ఫోటోలు కూడా తీశా. పోత పోసే పెద్దాయన మాత్రం చేత్తో తట్టి చూసి "కోసి చూద్దాం సార్, పైన చూసి సంతోషపడొద్దు" అన్నారు. బ్యాండ్ సా మీద మెయిన్ బేరింగ్ గోడ మధ్యగా కోస్తే లోపల సన్నటి చిల్లులు, బియ్యపు నూకంత సైజువి, గుంపులుగా. హైడ్రోజన్. కరిగిన అల్యూమినియం గాలిలో తేమ నుంచి హైడ్రోజన్ పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు అందులో దాదాపు ఇరవయ్యో వంతు మాత్రమే లోపల ఇముడుతుంది, మిగతాదంతా బుడగలై అక్కడే చిక్కుకుపోతుంది. ఆ రోజు వాతావరణం తేమగా ఉంది, గరిటెలు సరిగ్గా వేడి చేయలేదు, పైగా లోహాన్ని ఎత్తు నుంచి గబగబా పోశారు.

ఆ పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్నంత ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. "ఊరికే కలపకండి సార్, కలిపితే గాలి మింగేస్తది" అనేవారు, నేను కుతూహలం కొద్దీ కొలిమి దగ్గరకి వెళ్ళినప్పుడల్లా. ఆయన చెప్పిందే లెక్కల్లో కూడా ఉంది, లోహం అచ్చులోకి దూరే వేగం సెకనుకి అర మీటరు దాటితే పైన తేలే ఆక్సైడ్ పొర మడతలు పడి లోపలికి వెళ్ళిపోతుంది, ఆ మడత పోతలో పగులుతో సమానం. ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు కనపడదు. అందుకని పోసే దారి మొత్తం మార్చాం, లోహం కింద నుంచి నెమ్మదిగా పైకి నిండేలా, దారిలో సిరామిక్ ఫిల్టర్లు. పోసే ముందు తిరిగే రోటర్‌తో ఆర్గాన్ ఊది గ్యాస్ తీయడం, తర్వాత చిన్న కప్పులో కొంచెం లోహం తీసుకుని వాక్యూమ్ కింద గడ్డకట్టించి కోసి చూడటం. ఆ కప్పు ముక్క శుభ్రంగా లేకపోతే ఆ రోజు పోత లేదు. రెండుసార్లు అలా కొలిమి దగ్గర నుంచి ఊరికే తిరిగొచ్చాం, అందరూ సిద్ధంగా ఉండి, అచ్చులు సిద్ధంగా ఉండి. అప్పుడు బాధేసింది గానీ అవి మేం తీసుకున్న మంచి నిర్ణయాలు.

మెయిన్ బేరింగ్ గోడల దగ్గర అచ్చులో ఇనుప చిల్స్ (వేడిని తొందరగా లాగేసే ముక్కలు) పెట్టించాం. అక్కడ లోహం తొందరగా గడ్డకడితే లోపలి కణాల అల్లిక సన్నగా వస్తుంది, సన్నగా ఉంటే బలం, సాగే గుణం రెండూ పెరుగుతాయి. ఒకే పోతలో ఒక చోట మంచి లోహం, ఇంకో చోట మామూలు లోహం ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు, డ్రాయింగ్ మీద ఏ356 అని రాస్తే అంతా ఒకటే అనుకునేవాడిని. క్రాంక్ కూర్చునే చోటే బలం కావాలి కాబట్టి అక్కడే ముందు గడ్డకట్టాలి, చివరగా గడ్డకట్టేది పైనున్న రైజర్ (అదనపు లోహం నిలిచే భాగం) కావాలి, ఎందుకంటే కుంచించుకుపోయే లోహానికి లోటు తీర్చేది అదే.

రెండో పోత లోహం బాగుంది, కానీ వాటర్ జాకెట్ కోర్ ఒక పక్కకి రెండు మిల్లీమీటర్లు జరిగింది. అల్ట్రాసోనిక్ గేజ్‌తో గోడ మందం చూస్తే ఒకవైపు 7, ఇంకోవైపు 3. దాన్నీ కోసేశాం. కోర్ ముక్కలుగా చేసి అతికించడం ఆపేసి ఒకే ముక్కగా ఇసుకలో త్రీడీ ప్రింట్ చేయించాం, దాన్ని పట్టుకునే కాళ్ళు ఇంకో రెండు పెంచాం. మూడో పోత నిలబడింది.

హీట్ ట్రీట్‌మెంట్ గురించి ఒక్క మాట. 540 డిగ్రీల దగ్గర గంటల తరబడి నానబెట్టి, నీళ్ళలో ముంచి, తర్వాత 155 డిగ్రీల దగ్గర మళ్ళీ కొన్ని గంటలు. ముంచే నీళ్ళు చల్లగా ఉంటే బలం ఎక్కువొస్తుంది గానీ ఇంత వంకర్ల ఆకారం లోపల బిగుసుకుపోయి మెషిన్ మీద మెలికలు తిరుగుతుంది. మేం నీళ్ళని 70 డిగ్రీలకి వేడి చేసి ముంచాం, కొంచెం బలం వదులుకున్నాం. అయినా మొదటి రఫ్ కట్ తర్వాత డెక్ 0.15 మిల్లీమీటర్లు వంగింది. అందుకే రఫ్ కట్ అయ్యాక బిగింపులు వదిలేసి రెండ్రోజులు పక్కన పెట్టి, మళ్ళీ లైట్‌గా బిగించి ఫినిష్ చేయడం అలవాటు చేసుకున్నాం. తర్వాత వాటర్ జాకెట్‌లోకి గాలి ఎక్కించి నీళ్ళ తొట్టిలో ముంచి చూశాం, ఒకచోట చీమ తలంత బుడగ ఒకటి నెమ్మదిగా వస్తూ ఉంది. వాక్యూమ్‌లో రెసిన్ ఎక్కించి మూసేశాం. లోడ్ పడని గోడలో వచ్చింది కాబట్టి సరే, బేరింగ్ గోడలో వచ్చి ఉంటే ఆ బ్లాక్‌ని పక్కన పెట్టేసేవాళ్ళం, ఇందులో నాకు ఇంకో అభిప్రాయం లేదు.

ఇప్పుడు లైనర్లు. లైనర్‌ని బ్లాక్ కింది భాగంలో ఒక మెట్టు మీద ఆన్చే పద్ధతి ఒకటుంది. అది లెక్కలోనే పోయింది. లైనర్ పొడవు 150 అనుకుంటే, 80 డిగ్రీలు వేడెక్కితే చుట్టూ ఉన్న అల్యూమినియం లైనర్ కన్నా 0.13 మిల్లీమీటర్లు ఎక్కువ పెరుగుతుంది. లైనర్ ఇంకొంచెం వేడిగా ఉంటుంది కాబట్టి అంత రాదు, కానీ కింద ఆన్చితే డెక్ పైకి లేచి లైనర్ తల లోపలుండిపోతుంది. అదే పైన ఫ్లాంజ్ (బయటికి పొడుచుకొచ్చే అంచు) పెట్టి డెక్ దగ్గరే వేలాడదీస్తే పెరుగుదల అంతా కిందికి పోతుంది, గాస్కెట్ దగ్గర తేడా ఉండదు. కాబట్టి పైన ఫ్లాంజ్. బిగుతు (రంధ్రం కన్నా లైనర్ ఎంత లావు అనేది) సంగతి కూడా అలాంటిదే, లైనర్ బయటి వ్యాసం 91, 80 డిగ్రీలకి తేడా 80 మైక్రాన్లు, అంటే చల్లగా ఉన్నప్పుడు మనం పెట్టిన 80 మైక్రాన్ల బిగుతు వేడెక్కాక చాలావరకు కరిగిపోతుంది. లైనర్‌ని పట్టుకునేది బిగుతు కాదు, ఫ్లాంజ్ కింద ఉన్న మెట్టు, పైన హెడ్ నొక్కుడు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మెట్టుని 1.5 మిల్లీమీటర్లే పెట్టాను, సిలిండర్ల మధ్య అల్యూమినియం పలచబడుతుందని భయపడి. అందులో లైనర్ అంచు చాంఫర్ (ఏటవాలుగా కోసిన మూల) అర మిల్లీమీటరు పోతే ఆనేది 1 మిల్లీమీటరు.

బ్లాక్‌ని 150 డిగ్రీలకి వేడి చేసి, లైనర్లని గడ్డకట్టేంత చల్లబరిచి దింపితే చప్పుడు లేకుండా జారి కూర్చున్నాయి. ఆ క్షణం చాలా బాగుంటుంది, ఆరు లైనర్లూ ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా లోపలికి వెళ్ళిపోతాయి, రెండు నిమిషాల తర్వాత సుత్తితో కొట్టినా కదలవు. తర్వాత డెక్ మొత్తం కలిపి ఒకే కట్‌లో ఫేస్ చేశాం, హెడ్ బదులు దాని బిగింపునే ఇచ్చే టార్క్ ప్లేట్ బిగించి హోనింగ్ (బోర్‌ని రాళ్ళతో సన్నగా అరగదీయడం) చేశాం. ప్లేట్ లేకుండా హోన్ చేస్తే హెడ్ బిగించగానే బోర్ గుండ్రం పోతుంది, మా దాంట్లో ప్లేట్ విప్పితే 18 మైక్రాన్లు తేడా కనిపించింది.

మెయిన్ బేరింగ్ క్లియరెన్స్ (బేరింగ్‌కీ క్రాంక్‌కీ మధ్య సందు) మీద మాలో మాకు గట్టి వాదనే జరిగింది. ఇంజిన్ బిల్డర్‌ది పాతికేళ్ళ ఇనుప బ్లాకుల అనుభవం, 62 మిల్లీమీటర్ల జర్నల్‌కి (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) 60 మైక్రాన్ల పైనే పెట్టాలంటారు. నేను వేడెక్కితే ఇంకా వదులవుతుందంటాను. మాటలతో తేలదని బ్లాక్‌ని క్యాపులతో సహా ఓవెన్‌లో పెట్టి 95 డిగ్రీలకి తీసుకెళ్ళి, బోర్ గేజ్‌ని కూడా అదే ఓవెన్‌లో వేడి చేసిన స్టీల్ రింగ్ మీద సెట్ చేసి కొలిచాం. స్టీల్ కన్నా నిలువుగా దాదాపు 30 మైక్రాన్లు ఎక్కువ తెరుచుకుంది. పై సగం అల్యూమినియం, కింద సగం స్టీల్ కాబట్టి పూర్తి తేడా రాలేదు. ఆయన కాగితం మీద అంకె చూసి "సరేనయ్యా, చల్లగా 45 పెడదాం, కానీ ఆయిల్ వేడి చేయకుండా స్టార్ట్ చేస్తే మాత్రం నేనుండను" అన్నారు. ఇద్దరిదీ నిజమే. అప్పటి నుంచి ఆయిల్, కూలెంట్ రెండూ 60 డిగ్రీలు దాటాకే క్రాంక్ తిప్పుతాం. క్లియరెన్స్ విషయంలో ఇప్పటిదాకా మాకు ఒక్క బేరింగ్ కూడా పోలేదు.

మొదటి మూడు రోజులు డైనో మీద బాగా నడిచింది. వేడి ఆయిల్ ప్రెషర్ నిలబడింది. నాక్ సెన్సర్ (ఇంధనం అదుపు తప్పి పేలే చప్పుడుని, అంటే నాక్‌ని, పసిగట్టేది) మాత్రం మొదటి గంటలోనే గోల మొదలుపెట్టింది, అల్యూమినియం బ్లాక్ శబ్దాన్ని ఇనుములా మోయదు, పాత సెట్టింగులన్నీ పనికిరావు, నాక్ లేకుండానే నాక్ అని చెప్పేది. సగం రోజు కూర్చుని ఒక్కో ఆర్‌పీఎం దగ్గర మళ్ళీ సెట్ చేశాం. నాలుగో రోజు బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) పెంచాం. ఇరవై నిమిషాల్లో బుడగలు.

ఇక ఆ 60 మైక్రాన్లు. వెంటనే నా తప్పే అనిపించింది, మెట్టు సన్నగా పెట్టింది నేనే కదా. లెక్క వేస్తే అదీ నిజమే, 1 మిల్లీమీటరు వెడల్పు వలయం అంటే 290 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం, దాని మీద హెడ్ నొక్కుడులో లైనర్‌కి వచ్చే వాటా 70 కిలోన్యూటన్లు వేసుకుంటే 240 మెగాపాస్కల్స్, ఏ356 టీ6 అణిగిపోవడం మొదలయ్యేదే 200 చుట్టుపక్కల. దానికి తోడు వేడెక్కితే అల్యూమినియం స్టడ్‌లకన్నా ఎక్కువ పెరిగి నొక్కుడు ఇంకా పెరుగుతుంది, లోహమేమో మెత్తబడుతుంది. కానీ అది నిజమైతే ఆరూ ఒకేలా దిగాలి. నాలుగు 15, 20 దిగి రెండే 60 ఎందుకు దిగాయి? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

రెండు వారాలు అన్నీ అనుమానించాం. మూడు, నాలుగు మధ్య సిలిండర్లు కాబట్టి ఎక్కువ వేడి అనుకున్నాం, పోతలో అక్కడ మెత్తగా ఉందేమో అని హార్డ్‌నెస్ చూశాం, అంతటా ఒకటే. చివరికి మా మెషినిస్ట్ లైనర్లు లాగేసి మెట్టు మూలలకి మైనం ముద్ద నొక్కి అచ్చు తీసి ప్రొజెక్టర్ కింద పెట్టారు. మిగతా నాలుగు సిలిండర్లలో మూల రేడియస్ (మూల వంపు) 0.4 మిల్లీమీటర్లు. మూడో, నాలుగో సిలిండర్లలో 0.8. మధ్యలో ఇన్సర్ట్ (కోసే పనిముట్టు కొనకి బిగించే ముక్క) అరిగిపోతే మార్చారు, డబ్బాలో చేతికొచ్చింది ముక్కు రేడియస్ 0.8 ఉన్నది. డ్రాయింగ్‌లో ఆ మూల రేడియస్ నేను రాయనే లేదు, కాబట్టి ఆయన తప్పేమీ లేదు. లైనర్ అంచు చాంఫర్ 0.5. కాగితం మీద గీసి చూస్తే, 0.8 రేడియస్ మూలలో 0.5 చాంఫర్ ఉన్న అంచు మెట్టు దాకా దిగనే దిగదు, 58 మైక్రాన్లు పైనే ఆ వంపు మీద ఆగిపోతుంది. అలా వేలాడుతున్న లైనర్లతోనే మేం డెక్ ఫేస్ చేశాం, అంతా సమంగా కనిపించింది. వేడి, బూస్ట్ పడేసరికి ఆ సన్నటి అంచు అల్యూమినియంలోకి దిగబడి, రెండూ ఎక్కడ ఉండాలో అక్కడికి వెళ్ళి కూర్చున్నాయి. లెక్క 58, గేజ్ 60. ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ డ్రాయర్‌లో ఉంది.

అదే బ్లాక్‌ని మళ్ళీ మెషిన్ మీదకి ఎక్కించాం, పారేయాల్సిన అవసరం రాలేదు, బాగుచేసుకోగలిగే బ్లాక్ అనుకున్నది మొదట మా మీదే రుజువైంది. మెట్టు 3 మిల్లీమీటర్లకి పెంచాం, పక్క పక్క సిలిండర్ల మధ్య చోటు చాలదు కాబట్టి అక్కడ ఫ్లాంజ్‌లు చదునుగా కోసి ఒకదానికొకటి ఆనేలా పెట్టాం, వైశాల్యం రెండింతలు పైనే వచ్చింది, ఒత్తిడి 120 దగ్గరకి దిగింది. మూలలో రేడియస్ గొడవే లేకుండా లోపలికి చిన్న గాడి కొట్టించాం, ఇప్పుడు ఏ ఇన్సర్ట్ వాడినా లైనర్ మెట్టు మీదే ఆనుతుంది. ఆ గాడి కొలత, పక్కన పెద్ద అక్షరాలతో నోట్, డ్రాయింగ్ మీద ఉన్నాయి. ఇంకొకటి కూడా మార్చాం, లైనర్లు దింపాక వెంటనే డెక్ ఫేస్ చేయం. టార్క్ ప్లేట్ పూర్తి టార్క్‌తో బిగించి, ఓవెన్‌లో 120 డిగ్రీలకి తీసుకెళ్ళి చల్లార్చడం ఐదుసార్లు. దిగాల్సినవేవో అక్కడే దిగిపోతాయి. ఆ తర్వాతే ఫైనల్ కట్, లైనర్ తల డెక్ కన్నా 30 మైక్రాన్లు పైకి ఉండేలా.

రెండోసారి డైనో మీద మొత్తం 40 గంటలు నడిపాం, అందులో పదకొండు గంటలు పూర్తి బూస్ట్ మీద, మధ్య మధ్యలో కావాలనే ఆపేసి చల్లార్చి మళ్ళీ వేడి చేస్తూ. విప్పిన రోజు నలుగురం బ్లాక్ చుట్టూ నిలబడ్డాం. అదే స్ట్రెయిట్ ఎడ్జ్, అదే టార్చి. డయల్ గేజ్ మూడో సిలిండర్ మీద పెట్టినప్పుడు నా చెయ్యి కొంచెం వణికింది, దాచుకోవడానికేముంది. లైనర్ తల డెక్ కన్నా 28 మైక్రాన్లు పైకే ఉన్నట్టు ముల్లు చూపించింది. నాలుగోది 29. మిగతావి 27 నుంచి 30 లోపు. ఇంజిన్ బిల్డర్ గేజ్ నా చేతిలోంచి తీసుకుని ఆరింటినీ తను మళ్ళీ కొలిచారు, అవే అంకెలు వచ్చాయి, అప్పుడు గానీ నోట్‌బుక్‌లో రాయనివ్వలేదు.

నాలుగో పోత పోయిన వారం కోసి చూడకుండానే ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్ రెండూ పాసయింది. ఇప్పుడు మెషిన్ మీద ఉంది, రఫ్ కట్ అయిపోయి బిగింపులు వదిలేసి పక్కన పెట్టాం, ఎల్లుండి ఫినిష్ కట్.